ఏటి నడుమ ఊరికి రీసైక్లింగ్ కిట్టుబాటు అయితదా? పుట్టి కిరాయి లెక్కతోని చూద్దాం

గద్వాల దిక్కు గుర్రంగడ్డ లెక్క చుట్టూ కృష్ణమ్మ ఉన్న ఊర్లకు రీసైక్లింగ్ పనికొస్తదా, లేకపోతే ఆఫీసర్లు వచ్చినప్పుడు ఫొటో దిగే ముచ్చటనా అని అడిగేటోళ్లు మస్తుగ ఉన్నరు. నేనైతే సగం పనికొస్తది, సగం దండగ అంటా. ఏ సగం ఏందో ముందుగాల తేల్చుకోవాలె. టౌన్‌ల ఉన్నట్టు ఎర్ర డబ్బా, ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా తెచ్చి గడ్డ మీద, అంటే ఏటి నడుమ దీవి మీద పెడితే ఆరు నెలలకు ఒకదాంట్ల కోళ్లు గుడ్లు పెడుతుంటయ్, ఇంకోదాంట్ల ఎవరో వడ్లు పోసుకుంటరు.

టౌన్‌ల గల్లీలకు ఆటో వస్తది, "పాత ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు కొంటాం" అని మైక్ మొత్తుకుంటది, మనం గడప దాటకుంటనే అమ్మేస్తం. గడ్డ మీదికి ఆ ఆటో రాదు. మనమే మోసుకపోవాలె, రేవు దాక నెత్తి మీద, ఆడికెల్లి పుట్టిల, అంటే ఏరు దాటించే గుండ్రటి తెప్పల, ఒడ్డు మీద మళ్ల ఆటోల. అందుకే ఇక్కడ సామాను రేటు ఎంత అని అడిగితే సరిపోదు, సామాను రేటుల నుంచి పుట్టి కిరాయి తీసేస్తే ఏం మిగులుతది అని అడగాలె. ఇదే లెక్క మక్తల్ దిక్కు పంచదేవ్ పహాడ్ కాడ నది దాటిపోయే, గుడి ఉన్న కురుమగడ్డకు కూడా పనిచేస్తది, నల్లమల లోపల అప్పాపూర్ లాంటి చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) కూడా పనిచేస్తది, ఆడ నీళ్లకు బదులు అడివి అడ్డం, అంతే తేడా. బ్రిడ్జి పడి ట్రాక్టర్ ఎప్పుడంటే అప్పుడు వచ్చిపోయే ఊరికైతే ఇది అక్కర్లేదు, మామూలు ఊరి పద్ధతే సరిపోతది.

సరే, మొదలు ఎక్కడ పెట్టాలె? మీటింగ్‌తోని కాదు, కుప్పతోని. ఒక పది ఇండ్లు పట్టుకోండి, వారం రోజులు వాళ్ల చెత్త బయట పడేయొద్దని చెప్పి ఒక్కో ఇంటికి రెండు ఖాళీ యూరియా బస్తాలు ఇయ్యుండ్రి. వారం అయినంక ఒక పరదా పరిచి అంతా బోర్లించి కుప్పలు కుప్పలుగ ఏరుండ్రి, ఏ కుప్ప ఎంత తూగుతదో కాంటా పెట్టి రాసుకోండి. ఇది జర కంపు పని, కానీ ఇది చెయ్యకుంట ఏ ప్లాన్ వేసినా గాలిల మేడనే. చూస్తే ఏముంటదంటే, మన ఊర్లల్ల అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు చాలా మటుకు కుడితి తొట్టిలకే పోతయ్, బర్రెలు తాగేస్తయ్, కాబట్టి బస్తాలల్ల తడి చెత్త టౌన్ ఇండ్లంత ఉండదు. బరువంతా బూడిద, మన్ను, ఆకులది ఉంటది. జాగ ఆక్రమించేది మాత్రం కవర్లు, నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు. బరువు తక్కువ, జాగ ఎక్కువ, పుట్టికి ఇంతకన్న నష్టపు సామాను ఇంకోటి లేదు.

ఇప్పుడు లెక్క కొద్దాం. రేట్లు ఊరికో తీరు ఉంటయ్, నెలకో తీరు మారుతయ్, అందుకే నేను చెప్పేవి ఊరికే లెక్క కోసం పెట్టిన నంబర్లు, మీ ఒడ్డు మీద రేటు అడిగి మీ నంబర్ పెట్టుకోండి. లీటర్ నీళ్ల సీసా ఒక్కటి 20, 25 గ్రాములు ఉంటది, అంటే కిలో కావాలంటే 40, 50 సీసాలు కావాలె. సీసాలను అట్లనే యూరియా బస్తాల వేస్తే కిలోకు అటిటు పడతయ్, బస్తా నిండిపోతది, లోపల ఉన్నది గాలే. కిలోకు 20 రూపాయలు అనుకుందాం, పుట్టి ఆయన బస్తాకు 30 తీసుకుంటడు అనుకుందాం, పది రూపాయలు మనమే ఎదురు కట్టినట్టు. అదే సీసా మూత తీసి, అడ్డంగ పడుకోబెట్టి చెప్పు కాలుతోని మడమ బరువు పెట్టి తొక్కి, మళ్ల మూత బిగిస్తే అది తిరిగి ఉబ్బదు, బస్తాల మూడంతలు పడతది, 60 రూపాయల సామాను అయితది, కిరాయి పోను 30 మిగులుతయ్. మిగిలేది తక్కువనే, కానీ నష్టం కాదు. నిలబెట్టి తొక్కితే మాత్రం జారి కాలు మలుగుతది, పిల్లలకు ఈ పని చెప్పేటప్పుడు పడుకోబెట్టి తొక్కమని చెప్పుండ్రి.

ఇనుము, అల్యూమినియం, ఇత్తడి, రాగికి ఈ పంచాయితీ ఏం లేదు. ఒక బస్తా సత్తు (అల్యూమినియం) గిన్నెలు, కాలిపోయిన మోటర్ వైండింగ్ తీగ ఇట్లాంటివి ఉంటే పుట్టి కిరాయి ఎంతైనా లాభమే. అల్యూమినియం సంగతి ఇంకోటి ఏందంటే, ఖనిజం నుంచి కొత్తగ తీసేదానికన్న పాతది కరిగిస్తే 95 శాతం దాక కరెంటు మిగులుతది, అందుకే దానికి గిరాకీ ఎప్పుడూ పడిపోదు. డ్రిప్ పైపులు, తూములకు వేసిన నల్ల పైపులు, పగిలిన బిందెలు, బకెట్లు, కుర్చీలు, ఇవన్నీ బరువున్న గట్టి ప్లాస్టిక్, ఇవి కూడా దాటించాల్సినవే. పైపులను ఉంగరాలు చుట్టి గట్టిగ కట్టాలె, లేకపోతే పుట్టిల సగం జాగ అవే తింటయ్.

ఏ ప్లాస్టిక్ ఏందో తెలియకపోతే అడుగు మీద త్రికోణంల నంబర్ ఉంటది చూడుండ్రి, 1 అంటే నీళ్ల సీసా రకం, 2 అంటే గట్టి డబ్బాలు, 5 అంటే ఎక్కువగ మూతలు, డబ్బాలు. నంబర్ అరిగిపోతే ఒక బకెట్‌ల నీళ్లు పోసి చిన్న ముక్క వేయుండ్రి. మూత ముక్క తేలుతది, సీసా ముక్క మునుగుతది. తేలేది ఒక బస్తా, మునిగేది ఒక బస్తా. గింత చేసి పట్టుకపోతే షాపాయన కలిపి ఇచ్చినదానికన్న మంచి రేటు ఇస్తడు, ఎందుకంటే మనం వేరు చెయ్యకపోతే ఆయన కూలి పెట్టి చేయించాల్నాయె. బస్తాల ఇసుక, తడి లేకుంట చూసుకోండి. వాళ్లు బస్తాను కాంటాకు తగిలియ్యకముందే ఒకసారి ఎత్తి దులుపుతరు, అడుగున మన్ను రాలిందంటే ఆ బస్తాకే కాదు, ఊరు ఊరికే రేటు తగ్గుతది.

గాజు దగ్గర నా మాట కొందరికి నచ్చదు, పగిలిన గాజు దాటించొద్దు. బీరు సీసా ఒక్కటే అర కిలో దాక తూగుతది, పగిలినంక దానికి ఒడ్డు మీద వచ్చేది చిల్లర పైసలు, మోసేటోని చేతులు తెగుతయ్, పుట్టి కింద తోలు ఉన్నా టార్పాలిన్ ఉన్నా గాజు గుచ్చుకుంటే ఇంకో లొల్లి. పాత గాజు కరిగిస్తే మిగిలే ఇంధనం, కరెంటు కూడా అల్యూమినియం అంత ఉండవు. గాజు ఇసుకతోని అయ్యేది, భూమిల ఉంటే విషం కాదు, కాళ్లకే ప్రమాదం. కాబట్టి పశువులు తిరగని చోట ఒక గుంత తవ్వి దాంట్లనే పోయుండ్రి, నిండినంక పైన మన్ను కొట్టుండ్రి, లేదంటే ఎవరన్న ఇల్లు కడితే కాంక్రీట్ కింద నింపుడుకు వాడుకోండి. సాబూత్ ఉన్న బీరు సీసాలది వేరే కథ, అవి కడిగి మళ్ల నింపుతరు, సీసా లెక్కన కొంటరు, అవి డబ్బాలల్ల పేర్చి పంపితే కిట్టుబాటు అయితది. నీలగిరి కొండల మీద తమిళనాడు సర్కార్ మందు దుకాణాలల్ల 2022ల ఒక పద్ధతి పెట్టింది, సీసా మీద పది రూపాయలు ఎక్కువ తీసుకొని, ఖాళీ సీసా వాపస్ ఇస్తే ఆ పది తిరిగి ఇస్తరు. గడ్డకు ఇంతకన్న సరిపోయే ఐడియా నాకు కనపడలే. గడ్డ మీద ఉన్న కిరాణా దుకాణాలు ఎన్ని, ఒకటి రెండు, అవి ఒప్పుకుంటే చాలు, కూల్‌డ్రింక్ సీసాకు కూడా రెండు రూపాయలు ఇట్లనే పెట్టొచ్చు. కురుమగడ్డ లాంటి జాగలల్ల భక్తులు పుట్టి ఎక్కేకాడ సీసాకు పది తీసుకొని టోకెన్ ఇస్తే, తిరిగి వచ్చేటప్పుడు వాళ్లే పట్టుకొస్తరు, ఏరే మనిషి అక్కర్లేదు.

కాగితాలు, అట్టపెట్టెలు కూడా దాటించొద్దు అంటా. తడిస్తే రేటు రాదు, పెడితే చెదలు పడతయ్, బరువుకు జాగ ఎక్కువ. కానీ పారేసుడు ఎందుకు, ఎరువు కుప్పకు ఎండు సరుకు కావాలె కదా, అట్ట ముక్కలు అందులకే. ప్లాస్టిక్ పొర ఉన్న అట్ట, మెరిసే పెండ్లి కార్డులు మాత్రం వద్దు.

ఎరువు కుప్ప గురించి జర ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఏరు దాటకుంట గడ్డ మీదనే లాభం వచ్చే రీసైక్లింగ్ ఇదొక్కటే, దీనికి పుట్టి అక్కర్లేదు, ఇంకా చెప్పాలంటే ఒడ్డు నుంచి మోసుకొచ్చే ఎరువు బస్తాలు కొన్ని తగ్గుతయ్. మనోళ్లకు పెంటకుప్ప కొత్త కాదు, ఇంటెనక తరతరాల సంది ఉన్నదే. చెడగొట్టింది ఏందంటే ఈ ఇరవై ఏండ్లల్ల దాంట్ల కవర్లు కలిసినయ్, పొలంల చల్లితే నాగలికి కవర్లు చుట్టుకుంటున్నయ్, మేకలు, ఆవులు తిని కడుపు ఉబ్బి చస్తున్నయ్. అందుకే పాత కుప్పనే ఉంచుకొని, దానికి రూల్ ఒక్కటే పెట్టుండ్రి, కుప్పల ప్లాస్టిక్ పడొద్దు. మూడు గంపల ఎండు ఆకులు, కందికట్టె పొట్టు, అట్ట ముక్కలు వేస్తే ఒక గంప తడిది, అంటే పెండ, తొక్కలు, గుడిల పూలు. ఒక పొర అది, ఒక పొర ఇది, పైన పెండ నీళ్లు చల్లుడు. పిడికిల పట్టి పిసికితే చెయ్యి తడవాలె కానీ నీళ్లు కారొద్దు. కారితే ఎండు ఆకు కలుపుండ్రి, పొడిగ రాలితే నీళ్లు చల్లుండ్రి, వాసన వస్తుందంటే లోపల గాలి ఆడుత లేదు, తిరగేయాలె. పదిహేను దినాలకొకసారి పారతోని తిరగేస్తే మూడు నాలుగు నెలలల్ల నల్లగ, చాయ్‌పత్తి లెక్క రాలే ఎరువు వస్తది. తిరగేసుడు కష్టం అనుకునేటోళ్లు ఇటుకల మధ్య సందులు పెట్టి నాడెప్ తొట్టి కట్టుకోవచ్చు, సుమారు పది అడుగుల పొడుగు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు, సందులల్లకెల్లి గాలి పోతది కాబట్టి తిరగేయనక్కర్లేదు, కాకపోతే టైమ్ ఎక్కువ పడతది. కొబ్బరి చిప్పలు కుప్పల వేయకుండ్రి, ఏండ్లు పడతది, పొయ్యిల పెట్టుకోండి.

అన్నీ దాటించేది ఎప్పుడు? నెల నెలా పంపుతం అనే ప్లాన్ వేసుకోకుండ్రి. వానకాలంల ఎగువ నుంచి వరద వచ్చి జూరాల గేట్లు ఎత్తిండ్రంటే మనుషులు దాటుడే గగనం, చెత్త బస్తాలకు పుట్టి ఎవరిస్తరు, ఇయ్యొద్దు కూడా. ఏడాదంతా జమ చేసి, ఎండాకాలంల నీళ్లు తగ్గి ట్రాక్టర్ దిగే తోవ పడ్డప్పుడు ఒక్కసారి రెండుసార్లు తోలుడే మంచిది. 2019ల పల్లె ప్రగతి మొదలైనంక పంచాయతీలకు ట్రాక్టర్లు, ట్రాలీలు వచ్చినయ్ కదా, ఆ ట్రాలీనే. అప్పుడు పైన చెప్పిన లెక్క కూడా మారిపోతది, బస్తాకు 30 పడే కిరాయి నాలుగైదు రూపాయలకు దిగుతది, పుట్టిల దండగ అయిన సామాను కూడా ట్రాలీల కిట్టుతది. ఇనుము కుళ్లదు, ప్లాస్టిక్ కుళ్లదు, తొందరేం లేదు. కుళ్లేది గడ్డ మీదనే ఎరువు అవుతుంది కాబట్టి జమ చేసే కొట్టంల వాసన, ఈగలు ఉండవు.

ఆ కొట్టం ఎక్కడ వేయాలె అనేది పెద్దమనుషులను అడుగుండ్రి. 2009 అక్టోబర్‌ల వరద వచ్చి ఆలంపురం, కర్నూలు మునిగిన సంగతి అందరికి యాదికి ఉంటది, ఆ ఏడు మీ గడ్డ మీద నీళ్లు ఏ చెట్టు దాక, ఏ గోడ దాక వచ్చినయో చూపిస్తరు, దానికన్న ఎత్తున వేయుండ్రి. లేకపోతే ఏడాది జమ చేసిందంతా ఒక్క రాత్రిల శ్రీశైలం డ్యామ్ బాట పడతది. నాలుగు కర్రలు, పైన రేకు, చుట్టూ మేకలు దూరకుంట జాలి, చాలు. ఎండ తగిలితే ప్లాస్టిక్ పెళుసై పొడి అవుతది కాబట్టి నీడ ఉండాలె.

మిగిలింది అసలు తలనొప్పి, చిప్స్, గుట్కా, షాంపూ, బిస్కెట్ ప్యాకెట్లు. లోపల వెండి రంగు పొర ఉంటది చూడుండ్రి, రెండు మూడు రకాలు అంటించి చేస్తరు, వాటిని విడదీయరాదు, స్క్రాప్ షాపోడు ఊరికే ఇచ్చినా తీసుకోడు. దీనికి పోయే జాగ సిమెంట్ ఫ్యాక్టరీల బట్టీలే, సున్నపురాయి కాల్చేకాడ 1400 డిగ్రీల పైన వేడి ఉంటది, అక్కడ బొగ్గుతో పాటు కాలుతది. మన సౌత్ తెలంగాణల సిమెంట్ ఫ్యాక్టరీలు తక్కువేం లేవు, మేళ్లచెరువు, మట్టంపల్లి, వాడపల్లి దిక్కు వరుసగ ఉన్నయ్. కానీ ఒక గడ్డ ఊరు తనంతట తాను ఆడికి పంపలేదు, ఆ ఆలోచన పెట్టుకోకుండ్రి. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో విడతల బ్లాకుకు ఒక ప్లాస్టిక్ యూనిట్ పెట్టుకునేటందుకు 16 లక్షల దాక పైసలు ఇస్తమని పెట్టిండ్రు, మీ దిక్కు అది నడుస్తుందా లేదా పంచాయతీ సెక్రటరీని, ఎంపీడీవో ఆఫీసును అడిగి, ఎండాకాలం ట్రాలీ ట్రిప్పుల ఈ ప్యాకెట్లను దానికి అప్పగించుండ్రి. దీనికి పైసలు రావు, ఎదురు ఖర్చే. సత్తు, రాగి అమ్మిన పైసలల్లకెల్లి ఈ ఖర్చు పెట్టుకోవాలె.

కాలబెడితే పాయె కదా అంటరు. పొయ్యిల, కుప్పల కాలే మంటకు వేడి సరిపోదు, ముఖ్యంగ పైపు ముక్కలు, వైర్ తొడుగులు కాలితే డయాక్సిన్ అనే విషపు పొగ వస్తది, గడ్డ చిన్నది, పొగ పోయేది పక్కింటికే. ఏట్ల వేస్తే ఏమైతది అని మాత్రం ఎవరూ బయటికి అనరు, చేసేస్తరు. మాల్దీవుల దీవులల్ల చెత్త ఏడ పెట్టాల్నో తెలియక 1992 సంది మాలే పక్కన తిలఫుషి అనే జాగల సముద్రం మడుగుల పోసుకుంట పోయిండ్రు, చెత్తతోనే ఒక దీవి తయారైంది. వాళ్లకు సముద్రం, మనకు తాగే నీళ్లు.

అందుకే గడ్డకు రాకుంట ఆపుడే అన్నింటికన్న చౌక. పెండ్లికి, దావత్‌కు వచ్చే నీళ్ల ప్యాకెట్లు, థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు ఒక్క రోజుల కుప్పలు కుప్పలు చెత్త తయారు చేస్తయ్. ఈ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 సంది దేశమంతా బంద్ పెట్టిండ్రు, అయినా దుకాణంల దొరుకుతనే ఉన్నయ్. మహిళా సంఘం వాళ్లు ఒక రెండొందల స్టీల్ ప్లేట్లు, గ్లాసులు కొని కిరాయికి ఇస్తే సంఘానికి కూడా పైసలు వస్తయ్, పోగొట్టినోళ్లు కట్టాలె అని ముందుగాలనే చెప్పాలె. మోదుగాకు విస్తళ్లు అయితే ఇంకా మంచిది, తిన్నంక సక్కగ కుప్పలకే. షాంపూ పొట్లాలు మానుండ్రి అని నేను చెప్పను, రోజు కూలికి పోయేటోళ్లు రూపాయి పొట్లమే కొంటరు, రెండొందల సీసా యాడికెల్లి తెస్తరు.

పురుగుల మందు డబ్బాలు స్క్రాప్‌ల కలపకుండ్రి. మందు పోసినప్పుడే డబ్బాల నీళ్లు పోసి ఊపి మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రే ట్యాంకులనే పోసేయుండ్రి, తర్వాత అడుగుకు మొలతోని బొక్క పెట్టుండ్రి, మళ్ల ఎవరూ దాంట్ల నూనెనో నీళ్లో పోసుకోకుంట. ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బులల్ల పాదరసం ఉంటది, పగలకుంట అట్టడబ్బాల పెట్టి వేరే పెట్టుండ్రి. ఇన్వర్టర్, ట్రాక్టర్ బ్యాటరీలు కొత్తవి కొనేటప్పుడు పాతవి షాపులనే ఇచ్చేస్తే రేటుల తగ్గిస్తరు, గడ్డ మీద పగలగొట్టి సీసం తీసే పని అస్సలు వద్దు.

పైసల లెక్క మాత్రం మొదటి రోజే తేల్చుకోండి, చాలా ఊర్లల్ల ఈ పని ఆగేది చెత్త కాడ కాదు, పైసల కాడనే. ఇంటింటికి పంచితే ఒక్కో ఇంటికి చాయ్ పైసలు కూడా రావు, కొట్లాట మిగులుతది. ఏరి, తొక్కి, బస్తాలు కట్టే ఒకరిద్దరికి కైకిలి ముందు తీసి పెట్టుండ్రి, తర్వాత ట్రాలీ డీజిల్, మిగిలింది సంఘం ఖాతాల. కాంటా చీటీ ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టుండ్రి. తూకానికి పుట్టి నడిపే ఆయనను కూడా తోలుకపోండి, అటు ఒడ్డు షాపులోళ్లను అందరికన్న ఎక్కువ ఎరిగినోడు ఆయనే, రేటు కాడ ఆయన మాట్లాడితే కిలోకు రెండు రూపాయలన్నా ఎక్కువ పలుకుతది.